తిరగేసిన మూత

షాపు మామయ్య మళ్ళీ వచ్చాడు. చంకలో ఒకటి, చేతిలో ఒకటి, రెండు మడత కుర్చీలు తెచ్చి స్టోరు గదిలో గోడకి ఆనించాడు, రూల్సక్క వైపు చూసీ చూడనట్టు చూసి వెళ్ళిపోయాడు. ఇందాక ముందు హాల్లోకి మోసుకుపోయిన కుర్చీలే అవి. ఆమె కళ్ళముందే తీసుకుపోయాడు, ఇప్పుడు ఆమె కళ్ళముందే తిరిగి తెస్తున్నాడు. అంటే జనం రాలేదు. కాదు, వచ్చి వెళ్ళిపోయారేమో. అదీ కాదు, రారని ఆయనకి ముందే తెలిసిపోయిందేమో. ఈ ఆటల షాపు పెట్టినప్పటినుంచి ఆటగాళ్ళ మధ్యే బతుకుతున్న మనిషి, తలుపు తోసే తీరుని బట్టి కొనేవాడెవరో, ఊరికే పెట్టెలు తిప్పి చూసి పోయేవాడెవరో చెప్పేస్తాడు. మరి తలుపు గంట మోగుతూనే ఉంది కదా. వచ్చినందుకు మోగుతోందా, పోయినందుకు మోగుతోందా? ఆ గంటకి రెండూ ఒకటే. రూల్సక్క అట్టపెట్టె మీద కూర్చుని, చేతిలో టీ ఎప్పుడు చల్లారిందా అని ఆలోచించి, ఆ ఆలోచన కూడా సగంలో వదిలేసింది. కూర్చున్న అట్టపెట్టెలో ఉన్నవి ఆమె రాసిన పుస్తకాలే. ఆటగాళ్ళు తెచ్చి, మాకొద్దు మామయ్యా అని ఇచ్చేసిపోయినవి. ఆ సంగతి కూర్చున్నాక తెలిసింది, లేచి నిలబడదామంటే గదిలో ఇంకో చోటు లేదు, మామయ్య మోసుకొచ్చిన కుర్చీ ఒకటి విప్పుకోవచ్చన్న తెలివి మాత్రం ఎందుకో తట్టలేదు.

రూల్సక్క అన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు, ఆటగాళ్ళు పెట్టింది. బల్ల చుట్టూ నలుగురైదుగురు చేరి, ఒకరు దొంగగా, ఒకరు వైద్యురాలిగా, ఒకరు దారి తప్పిన సైనికుడిగా మారిపోయి, పాచికలు దొర్లిస్తూ కథ అల్లుకునే ఆట ఒకటుంది. దాని నియమాల పుస్తకం రాసింది ఈమె, ఆ పుస్తకం అచ్చువేసి అమ్మే కంపెనీలోనే ఈమెకి ఉద్యోగం. ఎక్కడ ఏ బల్ల మీద పేచీ వచ్చినా ఈమెకే ఫోను చేసేవాళ్ళు. అక్కా, చచ్చిపోయినవాడు తలుపు తెరవొచ్చా? తెరవకూడదని ఎక్కడైనా రాశానా నాయనా? రాయలేదు. అయితే తెరవనీ. అలా తనే అలవాటు చేసింది వాళ్ళకి, రాసింది రాసినట్టు చదవండి, రాయనిది నా నోట్లో కుక్కకండి అని. మొదటి పేజీలో పెద్దక్షరాలతో ఒక మాట రాసింది, నియమాలు అందరివీ, మీరు అల్లిన కథ మీది. ఆ మాట పట్టుకుని ఎంతమంది బయలుదేరారో. లెక్కల మాస్టారొకాయన సెలవుల్లో దెయ్యాల కథలు రాసి పుస్తకాలు వేశాడు. ఆసుపత్రిలో నర్సు ఒకామె తన డ్యూటీ గదిలోనే ఒక రాజ్యం కట్టేసింది. అందరికంటే ముందు సొంత చెల్లెలు, ఊళ్ళ పటాలు గీసి, వాటికి కథలు రాసి, అదే బతుకుతెరువు చేసుకుంది. కంపెనీకి దీనివల్ల పోయిందేమీ లేదు, అందరి కథలూ ఆడాలంటే ముందు ఆమె పుస్తకం కొనాల్సిందే. అంతా బాగానే ఉంది, బాగానే ఉన్నదాన్ని ఎవరు ఊరుకోనిస్తారు. మొన్న చలికాలంలో కంపెనీ కొత్త లైసెన్సు అంటూ ఒకటి బయటికి వదిలింది. ఇకనుంచి ఎవరు కథ రాసినా ముందు మాకు చూపాలి, మేం వద్దంటే ఆపాలి, మాకు నచ్చితే మేమే వాడుకుంటాం అని దాని సారాంశం. ఆటగాళ్ళు భగ్గుమన్నారు. ఏళ్ళతరబడి నెత్తిన పెట్టుకున్న పుస్తకాన్ని నేలకేసి కొట్టారు, కొట్టి ఫోటోలు తీసి పంపారు. కంపెనీ బెదిరిపోయి, తప్పయింది, చించేశాం, పాత మాటే నిలబడుతుంది అంది. అంటే అయిపోవాలి కదా. వెనక్కి తీసుకున్నాక ఇంకేం మిగిలింది? ఏదో మిగిలింది, అదేమిటో అర్థం కాకే కంపెనీ ఈమెని ఇక్కడికి పంపింది, నీ మాటైతే వింటారు, వెళ్ళి నాలుగు మంచి మాటలు చెప్పిరా అని.

ఇంకో రెండు కుర్చీలు. ఈసారి మామయ్య పక్కన ఎవరో ఉన్నారు, తలుపు అవతలే ఆగిపోయారు, బూట్లు మాత్రం కనిపించాయి. ఆ బూట్లు ఎవరివో తెలుసుననిపించింది, తర్వాత తెలియదనిపించింది. మంచి మాటలు. మంచి మాటలు ఇప్పటికే ఒకసారి చెప్పారు, కంపెనీ తరఫున క్షమాపణ, అదీ ఆమె చేతే రాయించారు. పాపం ఆమెకి క్షమాపణ రాయడం ఎక్కడొచ్చు, వచ్చిందల్లా నియమాలు రాయడమే. మొదట అర్థాలు, తర్వాత వర్తించే సందర్భాలు, ఆ తర్వాత మినహాయింపులు, అక్కడక్కడా ఉదాహరణలు. రాస్తున్నంతసేపూ ఎంతో నిజాయితీగా రాస్తున్నాననుకుంది, కళ్ళనీళ్ళు కూడా తిరిగాయి. చదివినవాళ్ళు మాత్రం నియమాల పుస్తకం చదివినట్టే చదివారు, ఆమె నేర్పిన చదువే కదా. పాత పుస్తకాలకి ఈ మాట వర్తిస్తుందన్నారు, రాబోయే పుస్తకాల సంగతి రాయలేదేం? ఇప్పటి యాజమాన్యం అన్నారు, రేపు మారితే? బాధపడుతున్నాం అన్నారు, మళ్ళీ చేయం అనలేదు చూడండి. సాయంత్రానికల్లా ఆ క్షమాపణలో ఎన్ని కంతలున్నాయో ఊరంతా తెలిసిపోయింది. లెక్కల మాస్టారు ఎర్ర సిరాతో దిద్ది మరీ పంపాడు. చదివి ఆమెకి ముందు నవ్వొచ్చింది, ఎంత బాగా పట్టుకున్నారు, నా పిల్లలే అనుకుంది. ఆ తర్వాత వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, ఎందుకు తిప్పిందో మర్చిపోయి, కారుతున్న నీళ్ళని చూస్తూ నిలబడింది. అవి కంతలని తనకి తెలియదా? తెలిసే వదిలిందా? మినహాయింపులు వేళ్ళ చివరినుంచి వాటంతటవే కారిపోతాయా?

ఆ ప్రశ్న ఇంకో ప్రశ్నకి తీసుకుపోతుంది, ఎటు తిరిగినా అక్కడికే చేరుతోంది ఈ మధ్య, గానుగెద్దు బతుకైపోయింది. లైసెన్సు బయటికి వదలకముందు ఒక రోజు కంపెనీ లాయరమ్మ ఆమె గదికొచ్చింది. ఆకుపచ్చ శాలువా, చేతిలో ఆ లైసెన్సు కాగితాలు. మేడమ్, ఆట మాటలు సరిగ్గా పడ్డాయో లేదో ఒక్కసారి చూసిపెట్టండి అంది. చూసిపెట్టింది. నడిపేవారు అని ఉండాల్సినచోట ఆడించేవారు అని ఉంటే కొట్టేసి దిద్దింది. పాచిక, పాచికలు అని రెండు రకాలుగా ఉంటే ఒకటి చేసింది. ఏసీ కింద పెట్టిన బకెట్లో నీటిచుక్కలు పడుతున్న చప్పుడు గుర్తుంది. పెన్సిలు మొన విరిగితే లాయరమ్మే తన పెన్ను ఇవ్వడం గుర్తుంది. శాలువా అంచు దారం ఒకటి ఊడి వేలాడటం కూడా గుర్తుంది. కాగితంలో ఏముందో మాత్రం గుర్తులేదు. చదవలేదా? చదవకుండా ఎలా దిద్దుతుంది. చదివింది. మరి తెలిసిందా? మాకు నచ్చితే మేమే వాడుకుంటాం అన్న చోట కాస్త చురుక్కుమన్నట్టు, ఒక్క క్షణం చెల్లెలి మొహం కళ్ళముందు మెదిలినట్టు, పోనీలే వీళ్ళే చూసుకుంటారని పేజీ తిప్పినట్టు గుర్తు. నిజంగా గుర్తా, లేక గొడవయ్యాక, తలబద్దలు కొట్టుకున్నాక, ఆ చురుకుని తనే తీసుకెళ్ళి అక్కడ పెట్టుకుందా? ఆ రోజు వేసుకున్న బట్టలు ఏవో కూడా ఒకసారి నీలంవనిపిస్తుంది, ఒకసారి కావనిపిస్తుంది. చుక్కలు మాత్రం పడుతూనే ఉంటాయి, తలలో, టప్, టప్. మనిషికి తన సంగతి తనకే తెలియకపోతే ఇక అడిగేవాళ్ళకి ఏం చెప్పాలి?

అడిగింది చెల్లెలు. లైసెన్సు బయటికొచ్చిన రోజునే, ఇంకా ఎవరూ ఏమీ అనకముందే ఫోను చేసింది. హలో లేదు, ఎలా ఉన్నావు లేదు. "అక్కా, నీకు ముందే తెలుసా?" అంది. వెనక ప్రెస్సు మిషను చప్పుడు వినిపిస్తోంది, చెరువు అడుగున మునిగిన ఊరి కథ రాసింది చెల్లెలు, వీధివీధికీ పటం గీసింది, అది అచ్చవుతోంది. "తెలుసా, తెలీదా? రెండే కదక్కా" అంది చెల్లెలు. "ఆగవే, ఆలోచించుకుని చెప్తాను" అంది ఈమె. అలాంటి ప్రశ్నకి అలాంటి జవాబు ఎవరైనా చెబుతారా? తెలియకపోతే తెలియదనాలి, తెలిస్తే కాళ్ళావేళ్ళా పడాలి, ఆలోచించుకోవడానికి అదేమైనా చీరల కొట్టా. ప్రెస్సు మిషను ఆగిపోయింది, చెల్లెలే ఆపమని చెయ్యి ఊపిందో, దానంతట అది ఆగిందో. "సరేలే, నేను డబ్బాకి మూత పెట్టేశాను" అని పెట్టేసింది. ఆ తర్వాత ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఈమె చేసిన ఫోన్లన్నీ మోగి మోగి ఊరుకున్నాయి. చెల్లెలి మొగుడు ఒకసారి ఎత్తి, బాగానే ఉన్నారు, అందరం బాగానే ఉన్నాం అని బహువచనంలో మాట్లాడి పెట్టేశాడు.

ఆ డబ్బా నాన్న చెప్పుల డబ్బా. ఈ ఆట పుట్టింది దాంట్లోనే, కంపెనీలూ లైసెన్సులూ లేని రోజుల్లో, భోజనాల బల్ల మీద. పెద్దది నియమాలు పెడుతుంది, చిన్నది పటాలు గీస్తుంది, రబ్బరు ముక్కల మీద చుక్కలు పెట్టుకుని పాచికలు చేసుకున్నారు. పెద్దదానితో ఆడటం కష్టం, ఓడిపోయేటప్పటికి కొత్త నియమం ఒకటి పుట్టుకొచ్చేది దాని నోట్లోంచి. చిన్నది ఏడిచేది, పాచికలు విసిరేది, ఇల్లు పీకి పందిరేసేవాళ్ళు. ఒకరోజు అమ్మ చేతిలో గరిటెతోనే వచ్చి డబ్బా మూత తీసి తిరగేసి బల్ల మధ్యన పెట్టింది. ఇది ఇలా ఉన్నంతసేపు నియమాలు పెట్టే మహాతల్లి నోరు మూసుకోవాలి, చిన్నది చెప్పుకోవాల్సిందంతా చెప్పుకుంటుంది, అయ్యాక అదే మూత ఎత్తుతుంది, అప్పుడు మాట్లాడు అంది. పెద్దదానికి ఉక్రోషంతో చెవులు ఎర్రబడేవి, మధ్యలో అది కాదే అనబోతే అమ్మ వంటింట్లోంచే గరిటె చప్పుడు చేసేది. చిన్నది గంటసేపు చెప్పేది కొన్నిసార్లు. చెప్పి చెప్పి అలిసిపోయి మూత ఎత్తేది, మళ్ళీ ఆడుకునేవాళ్ళు. ఇక ఇవాల్టికి ఆట వద్దనుకుంటే మాత్రం మూత డబ్బాకి పెట్టేసి అలమర పైకి ఎక్కించేసేవాళ్ళు. ఎంత పోట్లాట అయినా మూత బల్ల మీద ఉందంటే ఆట ఉన్నట్టే. అమ్మ పెట్టిన ఆ పద్ధతిని పెద్దయ్యాక పుస్తకం చివరి పేజీలో రాసింది, ఇప్పుడు ఎక్కడెక్కడి బల్లల మీదో తగవు రాగానే మూతలు తిరగేస్తారు, ఆట నడిపేవాళ్ళు నోరు మూసుకుంటారు. ఆ డబ్బా చెల్లెలి దగ్గరే ఉండిపోయింది, పెళ్ళయి వెళ్ళేటప్పుడు నగల పెట్టె కంటే ముందు దాన్ని సర్దుకుంది. ఇప్పుడు ఆ డబ్బాకి మూత పెట్టేసిందట.

ఫోను వణికింది. మేనేజరుగారు. మేం విన్నాం అన్న మాట తప్పకుండా వాడండి, మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి. ఏం విన్నారు? ఎవరు విన్నారు? తను ఏమైనా విన్నదా? చదివింది, వచ్చిన తిట్లన్నీ చదివింది, చదువుతూ మనసులోనే ప్రతిదానికీ జవాబు రాసుకుంటూ పోయింది. దాన్ని వినడం అంటారా? మళ్ళీ వణికింది. మైకు మీ మాటలు అయ్యేదాకా మీ దగ్గరే ఉంచుకోండి. సరేనండి అని రాసి, పంపాలో వద్దో తెలియక, వేలు గాలిలోనే ఉంచింది. రాత్రంతా కూర్చుని మూడు రకాల ప్రసంగాలు తయారుచేసుకుంది. ఒకదాంట్లో ఆమె కంపెనీ మనిషి, ఒకదాంట్లో ఆటగాళ్ళ మనిషి, మూడోదాంట్లో ఎవరి మనిషో స్పష్టంగా లేదు, నిజానికి అదే అన్నిటికంటే బాగా వచ్చింది. మొదటిది మొదలుపెడదామనుకుంటే రెండోది అడ్డమొస్తోంది. అందరికీ నమస్కారం. అందరికీ అంటే? చెల్లెలు ఉంటే చెల్లెలికి కూడానా? అన్నీ చెప్పి, ఎవరైనా లేచి నీకు ముందే తెలుసా అని అడిగితే? తెలియదు అంటే ఈ మనుషులు నమ్ముతారేమో, మంచి మనుషులు, మళ్ళీ పుస్తకాలు కొనుక్కుంటారు, కొత్త కథలు రాసుకుంటారు. చెల్లెలు మాత్రం నమ్మదు. తెలుసు అంటే చెల్లెలు నమ్ముతుంది, నమ్మి ఇక జన్మలో మాట్లాడదు. రెండిట్లో ఏది నిజమో తెలిస్తే ఆ ముక్కే చెప్పి పడుండొచ్చు. భయంగా ఉంది ఆమెకి. కంపెనీ మునిగినా మరో కంపెనీ ఉంటుంది, చెల్లెలు పోతే మరో చెల్లెలు లేదు.

మామయ్య ఈసారి ఉత్త చేతులతో వచ్చి, నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు.

"కుర్చీలన్నీ తెచ్చేశారు. ఎవరూ రాలేదా మామయ్యా?" అందామె.

"రాకపోవడమేమిటమ్మాయ్, కాలు పెట్టే చోటు లేదు. మీ కంపెనీవాళ్ళు వరసలుగా వేయమన్నారని వేశాను. ఇదేమన్నా సినిమా హాలా, తీసెయ్యి మామయ్యా అన్నారు. వీళ్ళు వేయమంటారు, వాళ్ళు తీయమంటారు, మధ్యన నా నడుం పోయింది."

"కోపంగా ఉన్నారా?"

"ఉండరా మరి."

"మా చెల్లి..." అని ఆగిపోయింది.

"నన్నడక్కు. లేచి వచ్చి చూసుకో" అన్నాడాయన. చల్లారిన టీ కప్పు ఆమె చేతిలోంచి తీసుకుని, ఆమె కూర్చున్న అట్టపెట్టె వైపు ఒకసారి చూశాడు. రూల్సక్క లేచింది. పాదం తిమ్మిరెక్కింది, కుడిదా ఎడమదా అన్నది కూడా వెంటనే తెలియలేదు. గోడకి ఆనించిన కుర్చీల పక్కనుంచి, కట్టలు విప్పని ఆటపెట్టెల మధ్యనుంచి నడుస్తూ, మొదటి ప్రసంగం మొదటి వాక్యాన్ని మూడో ప్రసంగం రెండో వాక్యానికి అతికించుకుంది.

హాల్లో వరసలు లేవు. ఉన్న బల్లలన్నీ దగ్గరికి లాగి ఒక్కటి చేశారు, చుట్టూ బెంచీలు వేసుకున్నారు, ఆదివారాలు ఇక్కడ ఆడుకునేటప్పుడు ఎలా కూర్చుంటారో అలా. మైకుని ఎవరో మూలకి, గోడ వైపు తిప్పి నిలబెట్టారు. నర్సు ఉంది, డ్యూటీనుంచి నేరుగా వచ్చినట్టుంది, బూట్లు కూడా మార్చుకోలేదు, ఇందాక తలుపు అవతల కనిపించినవి అవే. లెక్కల మాస్టారు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. పుస్తకం నేలకేసి కొట్టి ఫోటో పంపిన కొరియరు కుర్రాడు ఆమెని చూసి మొహం తిప్పుకున్నాడు. ఎవరూ నవ్వలేదు, అక్కా అని ఎవరూ పలకరించలేదు. బెంచీ చివర ఒక మనిషి పట్టేంత చోటు మాత్రం వదిలారు. ఎక్కడ చూడాలో తెలియక బల్ల వైపు చూస్తూనే ఆమె నోరు తెరిచింది.

"అందరికీ..."

"చివరి పేజీ, రూల్సక్కా" అన్నాడు లెక్కల మాస్టారు. గొంతు పెంచలేదు, చూపుడు వేలితో బల్ల మధ్యకి చూపించాడు.

అక్కడ ఒక అట్ట మూత ఉంది. తిరగేసి ఉంది. మూలలు ఎన్నోసార్లు టేపు వేసి అతికించినవి, టేపు పసుపుపచ్చగా మారిపోయింది. లోపలి వైపు రంగు పెన్సిలుతో గీసిన పాత కోట ఒకటి, దాని తలుపు కోట కంటే పెద్దది. అప్పట్లో కొలతలు తెలియవు చిన్నదానికి. మూతకి అవతల, సరిగ్గా ఎదురుగా, చెల్లెలు కూర్చుని ఉంది. చిక్కిపోయింది. అక్క వైపు చూడలేదు, మూతనే చూస్తోంది. రూల్సక్క ఖాళీగా ఉన్న చోట కూర్చుంది. ఎవరో కాస్త జరిగారు.

"నీకు ముందే తెలుసా అని అడిగాను" అంది చెల్లెలు. "దానికి జవాబు ఇప్పుడు చెప్పకు. నేను చెప్పాలి, వీళ్ళంతా చెప్పాలి. అయ్యేటప్పటికి ఎంతసేపు పడుతుందో నాకు తెలీదు. అయ్యాక మూత నేనే ఎత్తుతా, అప్పుడు చెబుదువుగాని."

అప్పటికీ తనకి తెలియకపోతే ఎలా అని అడగాలనిపించింది ఆమెకి. ముందే అడిగి పెట్టుకుంటే మంచిది కదా, ఎందుకంటే ఇప్పటికీ లాయరమ్మ శాలువా దారం తప్ప ఏమీ గుర్తురావడం లేదు. నోటిదాకా వచ్చింది మాట. వంటింటి వైపునుంచి గరిటె చప్పుడు వినిపిస్తుందన్నట్టు ఆగిపోయింది, ఇక్కడ వంటిల్లు లేకపోయినా. చెవులు ఎర్రబడటం ఆమెకే తెలిసింది. చెల్లెలు "నాకు మొట్టమొదట ఎక్కడ మండిందంటే" అని మొదలుపెట్టింది. రూల్సక్క తల వంచుకుని వినసాగింది. మూత ఇక్కడుంది కాబట్టి, చెల్లెలింట్లో అలమర పైన ఆ చెప్పుల డబ్బా తెరిచే ఉండి ఉంటుంది.